ట్రాక్టరు పట్టేంత దారి

మా తమ్ముడు రమణ నాకు ఫోను చేసే సందర్భాలు రెండే. ఎవరైనా పోయినప్పుడు, నా సంతకం కావలసి వచ్చినప్పుడు. ఈసారి ఎవరూ పోలేదు. “అక్కా, రీసర్వే వాళ్ళు బేస్తవారం వస్తా ఉండారు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పిపోవాల. ఈలోపల నేను నాయన ట్రాక్టరు చక్రాలు రిపేరు చేపిస్తాను” అన్నాడు. పొలం కొలవడానికి మనుషులొస్తుంటే ట్రాక్టరు చక్రాలు బాగుచేయించడం దేనికని వేరే ఊరివాళ్ళయితే అడుగుతారు. నేను అడగలేదు. మా ఇంట్లో దారి వెడల్పును అడుగుల్లో కాక ట్రాక్టరుతో కొలుస్తారు. ఆ ఘనకార్యాన్ని కాగితం మీద పెట్టింది నా చేతులే. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, ప్రమాణం రాయని ప్రతి జవాబుకూ అర మార్కు కోసి, ఇప్పుడు నెల్లూరులో విశ్రాంతి తీసుకుంటున్న టీచరమ్మను నేను. నేను మాత్రం ఎక్కడ ప్రమాణం రాయకుండా వదిలేశానో చెప్పాలంటే ఆ ట్రాక్టరు దగ్గరే మొదలుపెట్టాలి.

నేను ఊరికి బయలుదేరిన బస్సు ఆత్మకూరులో ఆగినప్పుడు ట్రాక్టరు మెకానిక్కు ఏసుపాదం ఎక్కాడు. డెబ్బై దాటినా అదే ఖాకీ సంచీ, అదే నడక. ఆ రోజుల్లో మా వైపు ట్రాక్టరు ఏది చెడినా ఆత్మకూరు నుంచి ఈయనే రావాలి. నా పక్క సీటులో కూర్చుని కాసేపు నా ముఖం చూసి, “పెద్దాయన కూతురివి గదమ్మా” అన్నాడు. “ఆ మోడలు తెలిసినోడు ఈ చుట్టుపక్కల నేనొక్కడినే మిగిలుండానంట. మీ తమ్ముడు పిలిపించినాడు.” ఎందుకు పిలిపించాడో తెలుసా అని అడిగాను. “నాకు చక్రాల సంగతే చెప్పినాడు. మిగతాది నాకెందుకులే” అన్నాడు. మిగతాది కూడా ఆయనకు బాగా తెలుసు. ఉదయగిరి కొండ కనబడేదాకా మేమిద్దరం ఆత్మకూరు ఎండల గురించి, సీతారామపురం బస్సులు రాకపోవడం గురించి మాట్లాడుకున్నాం.

ఆ ట్రాక్టరు మా ఇంటికి వచ్చేటప్పటికే ముసలిది. చేజర్ల వైపు ఒక పెద్ద రైతు కొత్తది కొనుక్కుని దీన్ని వదిలించుకుంటే నాయన వెళ్ళి తెచ్చుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళ సీమ నుంచి వచ్చిన బండి అని చెప్పగానే మా అవ్వ దానికి దొర అని పేరు పెట్టింది. “దొరకి నీళ్ళు పోసినారా? దొర ఈ పొద్దు దగ్గతా ఉండాడే” అని పొద్దున్నే విచారించేది. మా తాతకు జ్వరమొస్తే ఇంత విచారణ జరిగేది కాదని అమ్మ గొణిగేది. పొద్దున లేస్తూనే నాయన స్నానం సంగతి తర్వాత, ముందు దొర స్నానం. దొరను తుడిచే గుడ్డ వేరు, ఒళ్ళు తుడుచుకునే తువ్వాలు వేరు అని అమ్మ చెప్పని రోజు లేదు, నాయన విన్న రోజూ లేదు. అందువల్ల మా ఇంట్లో అన్నింటికీ డీజిలు వాసన. నాయన కలిపి పెట్టిన సంగటి ముద్దకూ అదే వాసన, నా కాలేజీ పుస్తకాలకూ అదే వాసన. ఎండాకాలం అవ్వ దొర నెత్తిన పాత చీర పరిచి ఒడియాలు పెట్టేది. ఇనుము వేడికి అవి ఒక్క పూటలో ఎండిపోయేవి. నా దృష్టిలో ఆ ట్రాక్టరు మా ఇంటికి చేసిన కల్మషం లేని మేలు అదొక్కటే.

నాయన ఊళ్ళో పెద్దమనిషి. చుట్టుపక్కల ఎవరి గట్టు ఎవరు జరిపినా తీర్పు మా అరుగు మీదే. ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకుని వస్తే వాళ్ళకు మజ్జిగ ఇప్పించి, తల్లి ఒకటే గదరా అని కళ్ళు తుడిపించి పంపేవాడు. ఇంత న్యాయం తెలిసిన మనిషికి ఒక్క తమ్ముడున్నాడు, మా చిన్నాయన. నాయన మాట్లాడుతుంటే ఈయన తల ఊపుతూ ఉంటాడు. పొలం పనీ, నిమ్మతోటా తప్ప ఇంకొకటి తెలియదు. ఇద్దరికీ పంపకాలైనప్పుడు రోడ్డు పక్క పొలం, ట్రాక్టరు నాయనకు వచ్చాయి. వెనక ఉన్న బావి, నిమ్మతోట చిన్నాయనకు వచ్చాయి. వెనక తోటకు పోవాలంటే ముందు పొలం తూర్పు గట్టు వెంట దారి వదలాలి. కాగితం రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను, చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఊరంతా పేరు. పెద్దలు ముగ్గురు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. దారి దగ్గరికి వచ్చేసరికి నాయన “తూర్పు గట్టు వెంబడి మన ట్రాక్టరు పట్టేంత దారి వదలవలెను అని రాయి” అన్నాడు. నేను కలం ఆపి ఎన్ని అడుగులు అని అడిగాను.

“అడుగులేందికి మే” అన్నాడు నాయన. “అడుగులు మనిషిని బట్టి మారతాయి. ట్రాక్టరు మారతాదా?”

పెద్దలు ముగ్గురూ ఈ మాటకు మెచ్చుకున్నారు. చిన్నాయన తల ఊపాడు. నేను రాశాను. కానీ చదువుకున్న పొగరు ఊరుకోదు కదా. సాయంత్రం అమ్మ కుట్టుమిషను దగ్గరున్న టేపు తీసుకుని దొర వెనక చక్రాలను ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచాను. ఏడడుగుల నాలుగంగుళాలు. కాగితంలో ఎక్కించమని అడిగే ధైర్యం లేక నా తృప్తి కోసం గుర్తుపెట్టుకున్నాను. మర్నాడు దొర చక్రాలను ఆనించి దారి పొడుగునా రాళ్ళు పాతారు. ఆ ఏడాది చిన్నాయన నిమ్మకాయలు బాడుగ ట్రక్కులో సుఖంగా రోడ్డుకెక్కాయి.

ఆ తర్వాతి సంవత్సరం దొర ఎడమ చక్రం టకటకమనడం మొదలుపెట్టింది. ఏసుపాదం వచ్చాడు. అవ్వ పెట్టిన కుంకుమ బొట్టు పక్కనే చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసుకున్నాడు. బోల్టు విప్పేముందు ఆయనకు అది అలవాటు. రెండు మతాల రక్షణలో ఉండి కూడా ఆ బండి అన్నిసార్లు ఎందుకు చెడేదో నాకు అర్థమయ్యేది కాదు. చిన్నాయన జాకీ కడ్డీ పట్టుకుని సాయం చేస్తున్నాడు, నాయన కుర్చీలో కూర్చుని సలహాలు చెబుతున్నాడు. ఏసుపాదం రిమ్ము లోపలికి తలపెట్టి చూసి బయటికి వచ్చాడు.

“అయ్యా, ఈ చక్రాలు జరగతాయి, తెలుసునా?”

“జరగకపోతే బండెట్ట పోతాదిరా?”

“ముందుకు గాదయ్యా. పక్కకి.”

రిమ్ము లోపల ఏటవాలుగా అతికించిన నాలుగు ఇనుప పట్టీలు చూపించాడు. మధ్యనుండే డిస్కు ఆ పట్టీలను క్లాంపులతో పట్టుకుని ఉంటుంది. క్లాంపులు వదులు చేసి, అడ్డుగా ఆపే బిళ్ళను కొంత దూరం జరిపి, గేరు వేసి ఒక్క కుదుపు కుదిపితే డిస్కు పట్టీల మీద మర తిరిగినట్టు తిరిగి, చక్రం లోపలికో బయటికో పోతుంది. వెడల్పు తగ్గాలంటే తగ్గుతుంది, పెరగాలంటే పెరుగుతుంది. శనక్కాయ సాళ్ళకు ఒక కొలత, దుక్కికి ఒక కొలత. సీమలో దొరలు సాళ్ళను బట్టి చక్రాలు మార్చుకుంటారట. మేము మాత్రం ఇన్నేళ్ళుగా ఆ సంగతి తెలియకుండానే దానికి రోజూ నీళ్ళు పోసి బొట్టు పెట్టాం. “అట్నా, భలే ఉండాదే” అని చిన్నాయన నవ్వాడు. నాయన నవ్వలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి, పట్టీలను చాలాసేపు చూశాడు. ఎంత దాకా లోపలికి పోతుందని అడిగాడు. మొత్తం మీద ఐదడుగులకు రావచ్చునని ఏసుపాదం చెప్పాడు.

వారం తిరగకముందే ఆయన్ను మళ్ళీ పిలిపించారు. శనక్కాయ సాళ్ళలో గుంటక తోలాలి కాబట్టి చక్రాలు లోపలికి జరపాలని నాయన చెప్పాడు. శనక్కాయ అప్పటికి పీకేసి, ఒలిచి, మూటలు కట్టి ఉంది. ఏసుపాదం ఆ మూటల వైపు ఒకసారి చూసి, ప్రార్థన చేసుకుని పని మొదలుపెట్టాడు. చక్రాలు లోపలికి పోయాయి. మర్నాడు నాయన స్వయంగా ట్రాక్టరెక్కి తూర్పు గట్టు వెంట తోలాడు. వెనకాలే కూలీలు రాతి కూసాలు పీకి, చక్రాన్ని ఆనించి కొత్తచోట పాతుకుంటూ వచ్చారు. రెండడుగుల నాలుగంగుళాల నేల ఆ విధంగా చట్టప్రకారం, కాగితం ప్రకారం, ఎవరి మీదా చెయ్యి ఎత్తకుండా మా పొలంలోకి వచ్చేసింది. ఇంతకంటే మర్యాదైన ఆక్రమణ నేను మళ్ళీ చూడలేదు.

నిమ్మకాయల కాలం వచ్చింది. బాడుగ ట్రక్కు ఆరడుగులు, దారి ఐదడుగులు. చిన్నాయన మా అరుగు మీదికి వచ్చాడు. పాత పెద్దలు ముగ్గురూ వచ్చారు. “కాగితంలో ట్రాక్టరనే ఉండాది. ట్రక్కని యాడుండాది చూపీండి” అన్నాడు నాయన. పెద్దలు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. లేని ట్రక్కు ఎక్కడ కనిపిస్తుంది? అప్పుడు చిన్నాయన లోపల తలుపు దగ్గరున్న నన్ను పిలిచాడు.

“నువ్వే గదా అమ్మాయ్ రాసింది. ఆ పొద్దు చక్రాలు యాడికుండినాయో నువ్వు చూసినావు గదా. ఆ మాట చెప్పు చాలు.”

నాకు అంగుళాలతో సహా తెలుసు. కానీ బి.ఎడ్. అప్లికేషన్ మీద నాయన సంతకం ఇంకా పడలేదు. పెళ్ళి చేసి పంపుదామా, చదివిద్దామా అని ఆయన ఇంకా ఊగుతున్నాడు. నాయన నా వైపు చూడలేదు, మీసం మీద చెయ్యి వేసుకుని పెరటి వైపు చూస్తున్నాడు. “నేను ట్రాక్టరనే రాసినాను చిన్నాయనా” అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. చిన్నాయన తల ఊపి లేచి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే నాయన సంతకం పెట్టాడు.

ఆ తర్వాత పదమూడేళ్ళు మా చిన్నమ్మ నిమ్మకాయల మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డుకు మోసింది. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె ఆ ఇరుకు దారిలో మెడ నిటారుగా పెట్టుకుని వస్తూ కనబడేది. పలకరిస్తే తల తిప్పలేక మొత్తం ఒళ్ళు తిప్పి చూసి, “బాగుండావా మే, ఉజ్జోగం బాగుండాదా” అనేది. చివరికి మెడ నొప్పితో మంచం పట్టింది. ఆమె పోయాక తోట కూడా ఎండింది. నాకు దాని గురించి సిగ్గుగా ఉంది. ఎగతాళి మాటలు నాకు చాలా వచ్చు, ఈ ఒక్క విషయంలో మాత్రం ఏ మాటా పనిచేయదు. బడిలో పిల్లల నోటుపుస్తకాల్లో ప్రమాణం ఎక్కడ అని ఎర్ర సిరాతో రాసేటప్పుడల్లా నాకు ఆ మెడ గుర్తొచ్చేది. మార్కు కోయడం మాత్రం ఆపలేదు.

ఇప్పుడు దొర పాకలో ఉన్నాడు. నాయన పోయాక రమణ కొత్త ట్రాక్టరు కొన్నాడు. దానికి గొడుగు, పాటలు వినడానికి పెట్టె, మెత్తటి సీటు అన్నీ ఉన్నాయి. అది తూర్పు గట్టు దారిలో పట్టదు. కాబట్టి కాగితంలో చెప్పిన మన ట్రాక్టరు అది కాదని, నాయన ట్రాక్టరే అని రమణ వాదన. తండ్రి మీద ఇంత భక్తి ఉన్నవాడు కనీసం పాక కప్పైనా బాగుచేయించి ఉండవచ్చు. ఇన్నేళ్ళుగా దొరకున్న ఉద్యోగం నిలబడ్డచోటే నిలబడి బెల్టుతో నూర్పిడి మిషను తిప్పడం. ఇంజను తిరుగుతుంది, చక్రాలు కదలవు. పేడనీళ్ళు కాళ్ళకిందికి వచ్చి, కోళ్ళు పైన కాపురం పెట్టి, వెనక చక్రాలు తుప్పు ముద్దలయ్యాయి. ఒడియాలు ఆరబెట్టే మనిషి లేదు. ఇంట్లో డీజిలు వాసన లేదు, సంగటి లేదు. ఫ్రిజ్జులో దోసెల పిండి ఉంది. ఇల్లు శుభ్రంగా ఉంది. నాయన కాలంలో అన్యాయం చేయాలన్నా ఒళ్ళు వంచి, వంగి పట్టీలు చూసి చేయాల్సి వచ్చేది. రమణ ఫోనులోనే కానిచ్చేస్తాడు.

ఈసారి సర్వేలో రాసిందే ఖాయం, మళ్ళీ మార్పు ఉండదని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. చిన్నాయనకు ఎనభై దాటాయి. నిమ్మమొక్కలు మళ్ళీ పెడతానంటున్నాడట. బావిలో నీళ్ళు లేవు కాబట్టి నీళ్ళ ట్యాంకరు పోవడానికి దారి కావాలి. ఆ వయసులో నిమ్మమొక్కలా అని రమణ నవ్వాడు. సర్వే వాళ్ళ ముందు పాత ట్రాక్టరును ఆ దారిలో నడిపించి చూపిస్తే ఐదడుగులే ఖాయమవుతుందని, రాసినదాన్ని కాబట్టి ట్రాక్టరనే రాశానని నేను ఒక్క మాట చెప్తే చాలునని వాడి ఏర్పాటు. ఆ మాట చెప్పడంలో నాకు అనుభవం ఉందని వాడికి తెలుసు.

ఏసుపాదం రెండు రోజులు క్లాంపులకు డీజిలు పట్టించి నానబెట్టాడు. మూడోరోజు పొద్దున కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, గ్యాసు మంటతో నట్లు వేడిచేసి, పానా పట్టి ఒక్కొక్కటే కదిలించాడు. కొన్ని విప్పాడు, రెండు తెగ్గొట్టాడు. ఇనుప బ్రష్షుతో పట్టీలు గీకాడు. తుప్పు పొరలు పొరలుగా రాలింది. పట్టీల కొనలు ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూశాడు. రమణ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు, అచ్చం నాయన కూర్చున్నట్టే.

“అయ్యా, క్లాంపులు ఉన్నచోట మళ్ళీ బిగించేదానికి లేదు. ఈ కొనల్లో పట్టీలు పూర్తిగా పోయినాయి. చేత్తో నొక్కితే దిగబడతా ఉండాది చూడు.”

“వెల్డింగ్ కొట్టేయ్.”

“తుప్పుకు వెల్డింగ్ ఏం పట్టతాదయ్యా. పట్టీల అవతలి కొనలు గట్టిగా ఉండాయి. చక్రాలు బయటికి జరిపితేనే బండి నడుస్తాది. లేకపోతే పది గజాలు పోకముందే డిస్కు జారి, ఎక్కినోడు కిందపడతాడు.”

రమణ లేచి నిలబడ్డాడు. చక్రాలు లోపలే ఉండాలని, బయటికి జరిపే ప్రశ్నే లేదని చెప్పాడు. వేరే రిమ్ములు తెమ్మన్నాడు. “ఈ మోడలు రిమ్ములు తెచ్చేదానికి నేను సీమకు పోవాల” అన్నాడు ఏసుపాదం. కాసేపు ఫోన్లు నడిచాయి. ఆత్మకూరులో లేవు, కలిగిరిలో లేవు. తెల్లారితే బేస్తవారం. ట్రాక్టరు నడవకపోతే చూపించడానికి ఏమీ లేదు, నడిస్తే వెడల్పుగా నడుస్తుంది. చివరికి రమణ “సరే జరుపు, రిపేరు కోసం జరిపినాం, మొదట్నుంచీ ఇరుకే అని చెప్తాంలే” అన్నాడు. ఏసుపాదం అవతలి కొన మీద బ్రష్షు ఆపి నన్ను పిలిచి చూపించాడు. తుప్పు కింద ఇనుము మీద క్లాంపు ఏళ్ళ తరబడి కొరికిన గుర్తు, వేలు పెడితే తగిలేంత లోతుగా ఉంది. “చానా ఏండ్లు ఈడనే కూర్చోని ఉండాది” అని మెల్లగా చెప్పి, క్లాంపును సరిగ్గా ఆ గుర్తులోనే పెట్టి బిగించాడు.

బేస్తవారం సర్వే కుర్రాడు వచ్చాడు. మూడు కాళ్ళ కడ్డీ, చేతిలో ఒక చిన్న పెట్టె. ఊళ్ళోవాళ్ళు కొందరు, చేతికర్రతో చిన్నాయన వచ్చారు. రమణ దొరను స్టార్టు చేసి తూర్పు గట్టు దాకా తెచ్చాడు. దారి మొదట్లో ముందు చక్రాలు పోయాయి, వెనక కుడి చక్రం మొదటి కూసానికి తగిలి ఆగిపోయింది. నాయన పాతించిన కూసమది. ఎవరో నవ్వారు. రమణ దిగి కాగితం చదివి వినిపించి, రిపేరు సంగతి చెప్పి, పాత కొలత ఐదడుగులని, రాసిన మా అక్కనే అడగమని చెప్పాడు. సర్వే కుర్రాడికి ట్రాక్టరుతో కొలవడం అర్థం కాలేదు. “మేడం, మాకు అడుగుల్లో కావాలండి. రెండు పార్టీలూ ఒప్పుకున్న కొలతే వేస్తాం” అన్నాడు.

“ఏడడుగుల నాలుగంగుళాలు” అన్నాను. “కాగితం రాసిన సాయంత్రం మా అమ్మ టేపుతో నేనే కొలిచాను. తర్వాత చక్రాలు లోపలికి జరిపించింది మా నాయన. పాత గుర్తులు పట్టీల మీద ఉన్నాయి, చూడండి. జరిపిన మనిషీ ఇక్కడే ఉన్నాడు.”

ఏసుపాదం ఔనని తల ఊపాడు. రమణ నన్ను పక్కకు పిలిచి నాయన పరువు తీశావన్నాడు. తీశాను. అందరూ చూస్తుండగా ఆ కుర్రాడు పెట్టెలో ఏవో నొక్కి, టేపు పట్టించి, కూసాలకు ఇవతల సున్నం గీత వేశాడు. ఊరు ఊరంతా చూస్తుంటే కాదనలేక రమణ సంతకం పెట్టాడు. చిన్నాయన వేలిముద్ర వేశాడు. నాకు బరువు దిగినట్టు హాయిగా అనిపించింది. నాకు నేనే కొంచెం గొప్పగా కూడా అనిపించాను, అది దాచుకోను. చిన్నాయన మెచ్చుకుంటాడని ఎదురుచూశాను.

చిన్నాయన ఇంకుపడిన బొటనవేలు పంచెకు తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు. గొంతులో కోపం లేదు. భోజనం చేశావా అని అడిగినట్టే అడిగాడు.

“అప్పుడే తెలుసునా అమ్మాయ్, నీకు?”

తెలుసు అన్నాను.

“మీ చిన్నమ్మ ఉన్నన్నాళ్ళూ నీకు తెలవదనే ఆమెకు చెప్తా వచ్చినాను” అన్నాడు. కర్ర మార్చి పట్టుకుని, సున్నం గీత వెంట తోట వైపు నడుచుకుంటూ పోయాడు.